కాల్వ గట్టు నుంచి చికాగో దాకా నవ్వుల జాబులు

కోదాడ: నాగార్జున సాగర్ ఎడమ కాల్వ కింది పల్లెల్లో ఇనప్పెట్టె మూత తెరిస్తే పట్టా పాసుపుస్తకాలు, పెళ్లి శుభలేఖలు, చిట్టీల లెక్కల పక్కనే పలుచని నీలం రంగు కాగితాల కట్ట ఒకటి కనిపించడం కద్దు. అవి ఏరోగ్రాములు. అమెరికాకో, ఇంగ్లాండుకో వెళ్లిన కొడుకూ కోడలూ, కూతురూ అల్లుడూ రాసిన జాబులు. మడతల దగ్గర చినిగినా, సిరా వెలిసినా వాటిని పారేయడానికి ఇంటి పెద్దలకు మనసొప్పదు. మళ్లీ మళ్లీ చదివించుకొని, విన్న ముచ్చటకే మళ్లీ నవ్వుకొనే పెద్దలు మన వైపు తక్కువేం కాదు.

ఈ జాబులకు ఒక ప్రత్యేకత ఉంది. దూరదేశం సంగతులు రాసేవారు గొప్పలు చెప్పుకున్నది తక్కువ, తమ మీద తాము వేసుకున్న హాస్యం ఎక్కువ. ఆ హాస్యం వెనక ఏముందో ఊళ్లో చదివే తల్లికి తెలుసు. తెలిసీ నవ్వుతుంది. ఈ నవ్వుల జాబుల కథ మన ప్రాంతం కథతో ముడిపడి ఉన్నది.

నీళ్లు వచ్చాయి, పిల్లలు వెళ్లారు

1955 డిసెంబరు 10న అప్పటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. కుడి కాల్వకు జవహర్ పేరు, ఎడమ కాల్వకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. ఎడమ కాల్వ నీళ్లతో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల మెట్ట చేలు వరి మళ్లయినాయి. మిర్యాలగూడ రైసు మిల్లుల ఊరయింది. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. వాళ్లు కూడా మొదట్లో తమ పుట్టిన ఊళ్లకు కారటు ముక్కలు రాసుకున్నవారే. ఇక్కడి ఎండ గురించీ, రాళ్ల గురించీ, మాటతీరు గురించీ ఆ కారట్లలో పరాచికాలు ఉండేవంటే ఆశ్చర్యం లేదు. వలస వెళ్లినవాడికి మొదటి తోడు హాస్యమే.

రెండు పంటలు పండిన ఇంట పిల్లలు బడికి వెళ్లారు. బడి నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి హైదరాబాదుకు, అక్కణ్ణించి విమానం మీద ఇంకా దూరం వెళ్లారు. నీళ్లు వరికే కాదు, చదువులకు కూడా పారాయన్నమాట. అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2010 నుంచి 2017 లోపల 86 శాతం పెరిగి 4 లక్షలు దాటిందని అక్కడి జనాభా లెక్కలను పరిశీలించినవారు తేల్చారు. ఆ ఏడేళ్లలో అంత వేగంగా పెరిగిన భాష ఆ దేశంలో మరొకటి లేదు. అందులో మన కాల్వ నీళ్లు తాగినవారూ ఉన్నారు.

దూరదేశాలతో మన లోయకు చుట్టరికం ఈనాటిది కాదు. ఇక్ష్వాకుల కాలంలో, అంటే సుమారు 1700 ఏళ్ల కిందట, నాగార్జునకొండకు సింహళం నుంచి బౌద్ధ భిక్షువులు వచ్చి ఉండేవారు. వారి కోసం సింహళ విహారం కట్టించినట్లు అక్కడ దొరికిన శాసనం చెబుతున్నది. ఆ భిక్షువులు మన ఎండల గురించీ, మన కారం గురించీ తమ ఇళ్లకు ఏం కబురు పంపుకున్నారో మనకు అందలేదు.

మడత విప్పితే ఒకటే కాగితం

ఇప్పటి పిల్లలకు ఏరోగ్రాము అంటే తెలియదు కనుక రెండు మాటలు చెప్పాలి. అది ఒకటే పలుచని కాగితం. అదే ఉత్తరం, అదే కవరు. లోపల ఇంకే కాగితమూ, ఫోటో కూడా పెట్టకూడదు. కనుక రాసేవారు మూల మూలకూ, అంచు వెంబడీ, చివరికి జిగురు పూసే చోట కూడా నాలుగు మాటలు ఇరికించేవారు. విప్పేవారు తొందరపడి చింపితే అసలు సంగతి ఉన్న ముక్క కాస్తా ఊడిపోయేది. అందుకే ఆ పని ఇంట్లో ఓపిక గలవారికి అప్పగించేవారు.

జాబు రావడానికి పది పదిహేను రోజులు పట్టేది. బదులు చేరడానికి మళ్లీ అంతే. మనవడికి పన్ను వచ్చిందన్న జాబు ఊరికి చేరేసరికి అక్కడ రెండోది కూడా వచ్చేది. చదువు రాని తల్లులు పోస్టుమ్యాన్ చేతనో, బడిపంతులు చేతనో, ఎనిమిదో తరగతి పిల్లవాడి చేతనో చదివించుకునేవారు. ఒకరు చదువుతుంటే పది మంది వినేవారు. అందువల్ల రాసేవారు కూడా పది మందికీ రాస్తున్నట్లే రాసేవారు. నవ్వు పుట్టించే సంగతులు పైన, డబ్బు సంగతి అడుగున ఒక్క వాక్యం. ఇదీ ఆ జాబుల కట్టు.

గల్ఫు దేశాలకు వెళ్లినవారిలో కొందరు టేపురికార్డరు క్యాసెట్‌లో మాటలు నింపి పంపేవారు. రాయడం రానివారికి అదే జాబు. క్యాసెట్ అరిగిపోయి గొంతు మారిపోయినా ఆ మాటలే మళ్లీ మళ్లీ వినేవారు.

నమూనా జాబు

ఈ కింది జాబు ఏ ఒక్క ఇంటిదీ కాదు. విదేశం వెళ్లిన మన వైపు ఆడవారి ముచ్చట్లలో తరచు వినిపించే సంగతులను ఒకచోట కుట్టి ఈ విలేకరి అల్లినది. కోడలి పురిటికని చికాగో వెళ్లిన ఒక తల్లి, ఊళ్లో ఉన్న తన ఆడబిడ్డకు రాసినట్లుగా చదువుకోవాలి. ఫోను బిల్లు నిమిషాల లెక్కన భయపెట్టిన రోజులనుకోండి.

“వదినకు నమస్కారములు. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను. కోడలూ, పిల్లవాడూ బాగున్నారు. వాడికి అచ్చం మీ తమ్ముడి ముక్కు వచ్చింది. ఇంకేం మార్చలేం కదా, పేరన్నా మంచిది పెడదామనుకుంటున్నాం.

నువ్వు కట్టి ఇచ్చిన కరివేపాకు ఇల్లు చేరలేదు. విమానం దిగిన చోట ఒక ఆఫీసరు సంచి విప్పించి, ఆ రెబ్బలను చూసి పామును చూసినట్టు వెనక్కి జరిగాడు. పచ్చి ఆకు ఈ దేశంలోకి రాకూడదట. తీసి డబ్బాలో పడేశాడు. ఆవకాయ మాత్రం వదిలేశాడు. అది ఎంత కారమో తెలిసుంటే దాన్నే ముందు ఆపేవాడు.

వచ్చిన మర్నాడే పప్పు తిరగమాత పెట్టాను. ఎండుమిరపకాయలు నూనెలో పడ్డాయో లేదో, ఇంటి కప్పు మీద ఏదో గంట లబోదిబోమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. నావల్ల ఏం పాపం జరిగిందో అని పొయ్యి వదిలి దేవుడి పటం దగ్గరికి పరుగెత్తాను. నీ మేనల్లుడు కుర్చీ ఎక్కి తువ్వాలుతో ఆ గంటకు విసనకర్ర వేశాడు. మన ఊళ్లో తిరగమాత వాసన వస్తే పక్కింటివాళ్లు ‘ఏం కూర’ అని అడుగుతారు. ఇక్కడ ఫైరింజను వచ్చి అడుగుతుందట.

వీధిలో మనుషులు కనపడరు వదినా. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కిటికీలోంచి చూస్తే నాలుగు కార్లు, రెండు ఉడతలు, మూడు కుక్కలు. ఒక్కో కుక్క వెనక దొరలాంటి మనిషి ప్లాస్టిక్ సంచి పట్టుకొని నడుస్తాడు. అది చేసిన పని ఆయన వంగి సంచిలోకి ఎత్తుకుంటాడు. ఇద్దరిలో యజమాని ఎవరో నాకు ఇంతవరకూ తేలలేదు.

ఇంటి ముందు అందరూ గడ్డి పెంచుతారు. పశువు లేదు, దూడ లేదు. పెంచుతారు, మిషనుతో కోస్తారు, సంచుల్లో కట్టి రోడ్డు మీద పెడతారు. చెత్త బండి తీసుకుపోతుంది. మన రెండు గేదెలకు వారం రోజులు సరిపోయే పచ్చిగడ్డి అట్లా పోతుంటే నా కడుపు తరుక్కుపోయింది.

పిల్లవాణ్ణి ఆస్పత్రి నుంచి తీసుకొచ్చేటప్పుడు కారులో వాడికో సొంత కుర్చీ ఉంటే గాని పంపమన్నారు. మూడు రోజుల బిడ్డకి బెల్టులు కట్టి, వెనక్కి తిప్పి కూర్చోబెట్టారు. మేడారం జాతరకు ట్రాక్టరు మీద పాతికమందిమి వెళ్లిన సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. పోలీసులు వస్తారేమోనని భయం.

మొన్న ఆదివారం గడియారాలన్నీ గంట వెనక్కి తిప్పారు. ప్రభుత్వమే తిప్పమన్నదట. ఎండాకాలం ముందు మళ్లీ ముందుకు తిప్పుతారట. గేదెలకు ఈ సంగతి ఎవరు చెబుతారో, అవి పాలు ఏ టైముకు ఇస్తాయో అడిగాను. నీ మేనల్లుడు నవ్వి ఊరుకున్నాడు.

కోతలు అయ్యాయా? మిర్యాలగూడ మిల్లుల దగ్గర బండ్లు ఎన్ని రోజులు నిలబడ్డాయి? యాసంగికి కాల్వ నీళ్లు ఇస్తారంటున్నారా? మీ తమ్ముడు ఫోనులో ‘అంతా బాగుంది, బిల్లు అవుతుంది పెట్టెయ్’ అంటాడు. మాత్రలు వేసుకుంటున్నాడా? నువ్వు మాత్రం నిజం రాయి.”

దీనికి ఊరి నుంచి వెళ్లిన బదులు కూడా చూడండి.

“మరదలికి ఆశీస్సులు. నీ జాబు చేరింది. నాలుగు ఇళ్లలో చదివించాం. కుక్క సంగతి దగ్గర అందరూ పొట్ట పట్టుకున్నారు. పెద్ద గేదె ఈనింది. పెయ్యదూడ. గడియారం తిప్పనవసరం లేకుండానే పాలు ఇస్తున్నది. కోతలు అయినాయి. మిల్లు దగ్గర మన బండి రెండు రాత్రులు ఉంది. నీళ్లు ఇస్తామనే అంటున్నారు, వదిలినప్పుడు చూడాలి. ఆ పొగ గంట ఏదో మీ ఇంట్లో పెట్టించి పోవలసింది. తమ్ముడు వంట మొదలుపెట్టిన కాణ్ణించి అది మోగి మోగి అరిగిపోయి ఉండేది. నిజం రాయమన్నావు గనుక రాస్తున్నాను. మొన్న మూడు రోజులు జ్వరంతో పడుకున్నాడు. నీకు రాయొద్దన్నాడు. సూర్యాపేట తీసుకెళ్లి సూది మందు వేయించాం. ఇప్పుడు లేచి పొలం వెళుతున్నాడు. నువ్వు బెంగపెట్టుకోకు. పిల్లవాడికి మూడో నెల వచ్చేదాకా రాకు.”

నవ్వు మాటున దాచినది

ఈ రెండు జాబుల్లోనూ అసలు సంగతి చివరనే ఉంది. చికాగోలో ఉన్నామె గేదెల మీద పరాచికాలాడుతూ అడిగింది మొగుడి ఆరోగ్యం. ఊళ్లో ఉన్నామె వంట మీద నవ్విస్తూ చెప్పింది జ్వరం. పదిమంది ముందు పైకి చదివే జాబులో కష్టం సూటిగా రాస్తే ఇల్లంతా కుంగిపోతుంది. నవ్వుతో కలిపి రాస్తే మింగుడు పడుతుంది. పథ్యం మాత్రను బెల్లం ముక్కలో పెట్టి ఇచ్చినట్లన్నమాట.

దాచవలసినవి అక్కడా ఉంటాయి, ఇక్కడా ఉంటాయి. పిల్లలను చూడడానికి వెళ్లిన తల్లిదండ్రులకు అమెరికాలో సాధారణంగా ఒకసారికి ఆరు నెలల వరకే ఉండనిస్తారు. అక్కడ జబ్బు చేస్తే ఆస్పత్రి ఖర్చు తలకు మించినది. ఇద్దరూ వెళితే ఇక్కడ పొలం, గొడ్లు చూసేవారుండరు. ఒకరు వెళితే రెండోవారు ఒంటరి. ఇక పిల్లల సంగతి. ఆ దేశంలో స్థిరనివాసపు కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా ఏటా ఇచ్చేది 7 శాతానికి మించకూడదన్న నియమం ఉన్నది. మనవాళ్ల సంఖ్య ఎక్కువ కనుక ఉద్యోగం మీద వెళ్లినవారు ఏళ్ల తరబడి వరుసలో నిలబడుతున్నారు. మిల్లు ముందు బండ్ల వరుస రెండు రాత్రులకు కదులుతుంది, ఈ వరుస కదలదు. ఈ మధ్యలో ఊరికి వస్తే తిరిగి వెళ్లడానికి వీసా ముద్ర దొరుకుతుందో లేదోనన్న గుబులు. ‘ఈ సంక్రాంతికి వీలు కాలేదు’ అన్న ఒక్క వాక్యం వెనక ఇంత కథ ఉంటుంది.

2020 మార్చి 23 నుంచి కరోనా వల్ల విదేశీ విమాన సర్వీసులు ఆగిపోయాయి. మామూలు సర్వీసులు మళ్లీ మొదలయింది 2022 మార్చి 27న. మధ్యలో నడిచిన ప్రత్యేక విమానాల్లో చోటు దొరికినవారు వచ్చారు. దొరకనివారు తల్లి కడచూపును, తండ్రి దినకర్మలను ఫోను తెర మీదనే చూసుకున్నారు. ఆ రెండేళ్లలో హాస్యం కూడా మూగబోయింది.

వీసా కోసం తిప్పలు కూడా ఈ జాబులకు మంచి సరుకే. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేటు తెరిచే వరకు మనవాళ్లు ఇంటర్వ్యూకు మద్రాసు వెళ్లవలసి వచ్చేది. వెళ్లే ముందు చిలుకూరు బాలాజీ గుడికి 11 ప్రదక్షిణలు, వీసా వచ్చాక 108 ప్రదక్షిణలు. ఇక్కడొక తమాషా. మన కోదాడ పక్కన కూడా ఒక చిలుకూరు ఉన్నది. మొక్కు చెప్పుకొనేటప్పుడు ఏ చిలుకూరో స్పష్టంగా చెప్పుకోకపోతే వీసా కోదాడ బస్టాండులో దిగుతుందని మనవైపు ఛలోక్తి విసరవచ్చు.

పార్వతీశం వారసులు

పరదేశంలో తెలుగువాడి తికమకలను చెప్పి నవ్వించడం మొదటినుంచీ ఉన్నదే. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టరు పార్వతీశం’ మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రవాడు బారిష్టరు చదువుకు ఇంగ్లాండు బయలుదేరి రైలులోనూ, ఓడలోనూ పడిన అవస్థలను తానే చెప్పుకున్నట్లు రాసిన నవల అది. వందేళ్లు దాటినా చదివినవారిని నవ్విస్తూనే ఉన్నది. కారణం ఒకటే. పార్వతీశం ఎవర్నీ ఎగతాళి చెయ్యడు, తన అమాయకత్వాన్ని దాచుకోడు. అమెరికాలో స్థిరపడిన వంగూరి చిట్టెన్‌రాజుగారు ‘అమెరికామెడీ’ కథలనీ, దశిక శ్యామలాదేవిగారు ‘అమెరికా ఇల్లాలి ముచ్చట్లు’ అనీ రాసినవి ఆ కోవకు చెందినవే.

జాబులనే పుస్తకంగా మార్చిన పెద్దలూ ఉన్నారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో కాశీకి బయలుదేరి, దారిలో చూసినదంతా తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైగారికి రాసి పంపారు. దాచిపెట్టి 1838లో అచ్చు వేయించినవారు ఆ మిత్రుడే. ఆయన చదివి పారేసి ఉంటే ‘కాశీయాత్ర చరిత్ర’ మనకు దక్కేది కాదు. రాసినవారికి ఎంత పేరు రావాలో, దాచినవారికీ అంత రావాలి.

ఫోను వచ్చింది, పెట్టె మూతపడింది

ఇప్పుడు జాబులు లేవు. వాట్సాప్‌లో బొమ్మతో సహా మాట్లాడుకుంటున్నారు. మనకు పొద్దున పాలు పితికే వేళ చికాగోలో ముందు రోజు సాయంత్రం. పిల్లవాడు బువ్వ తింటుంటే నానమ్మ ఇక్కణ్ణించి చందమామను చూపిస్తున్నది. ఇది చిన్న భాగ్యం కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో భారీ వానలకు నడిగూడెం మండలంలో ఎడమ కాల్వకు గండి పడినప్పుడూ, కోదాడ వీధులు జలమయమయినప్పుడూ ఆ బొమ్మలు గంటల్లో సముద్రాలు దాటాయి. ఏరోగ్రాముల కాలంలోనైతే గండి పూడ్చిన తర్వాత కబురు చేరేది.

అయితే ఫోను మాటకు ఒక లోపం ఉన్నది. అది నిలవదు. ఫోను పాడైతే, మార్చితే అందులోని మాటలూ బొమ్మలూ పోతాయి. రోజూ మాట్లాడుతున్నాం కనుక రోజూ ‘తిన్నారా, పడుకున్నారా’ తప్ప కొత్తగా చెప్పేదీ ఉండదు. పదిహేను రోజుల ముచ్చట్లు పోగు చేసి, వాటిలో ఏరి, నవ్వు వచ్చేలా కూర్చి రాసే అలవాటు తప్పిపోయింది. ఇంకో చిక్కు, అక్కడ పుట్టిన మనవల్లో చాలామందికి తెలుగు మాట్లాడడం కొంత వచ్చినా చదవడం రాదు. నానమ్మ దాచిన జాబు రేపు వాడి చేతికి వెళితే అది వట్టి నీలం కాగితమే.

కనుక ఇళ్లలో ఈ కట్టలున్నవారు కొంచెం శ్రద్ధ తీసుకోవాలి. ఏరోగ్రాములను మడతల్లో ఉంచితే చినుగుతాయి. విప్పి, సాపు చేసి, పెద్ద పుస్తకం మధ్య పెట్టాలి. చెద పట్టని చోట ఉంచాలి. కవర్లు పారేయరాదు. వాటి మీద తారీఖు ముద్ర ఉంటుంది. ‘నల్లగొండ జిల్లా, ఆంధ్రప్రదేశ్’ అన్న చిరునామా 2014 జూన్ 2తో తెలంగాణగా, కోదాడ, సూర్యాపేటవారికి 2016 అక్టోబరు 11తో సూర్యాపేట జిల్లాగా మారిన చరిత్ర కూడా ఆ కవర్ల మీదనే ఉన్నది. పిన్‌కోడ్ మాత్రం సూర్యాపేటకు 508213, కోదాడకు 508206, మిర్యాలగూడకు 508207. జాబులో ఎవరెవరి పేర్లు ఉన్నాయో, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసిన పెద్దలు ఉండగానే పక్కన కాగితం మీద రాయించి పెట్టాలి. చదువుతుండగా ఫోనులో గొంతు పట్టి పంపితే తెలుగు చదవలేని మనవడు కూడా విని నవ్వుతాడు.

బడిపంతుళ్లు కూడా ఒక పని చేయవచ్చు. లేఖారచన పాఠంలో సెలవు చీటీతో సరిపెట్టక, దూరాన ఉన్న బాబాయికో, మేనత్తకో ఊరి కబుర్లు రాయమని పిల్లలకు చెబితే బాగుంటుంది. కాల్వకు నీళ్లు వచ్చిన రోజు, గేదె ఈనిన రోజు, తాతయ్య వంట మాడ్చిన రోజు, ఏదైనా సరే. అక్కడివారికి మన ఊరి సంగతులు అంతే వింత, అంతే ముచ్చట. ఇక ఊళ్లో ఉన్న పెద్దలకు ఒక మనవి. జ్వరం వచ్చినప్పుడు దాచకండి. వంట మీద హాస్యం కలిపి అయినా సరే, ఆ ఒక్క ముక్కా రాయండి.